ఏడు చింతగింజలు, ఆరు ముఖాలు

నాకు అరవై రెండేళ్లు వచ్చేదాకా అక్షరం రాదు. మనవరాలు ఒకటో తరగతిలో చేరినప్పుడు దాని పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పుడు రాయబోయే ఈ సంగతిని అంతకుముందు ఎంతోమందికి నోటితో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నా తప్పును కాస్త చిన్నది చేసి చెప్పాను. కాగితం మీద పెడితే మళ్లీ నేనే చదువుకోవాలి. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మాది శామీర్‌పేట చెరువు మత్తడి కింద, అలియాబాద్ దిక్కున ఉన్న పల్లె. చెరువు నిండి మత్తడి దూకితే, అంటే అలుగు పారితే, ఆ నీళ్లు మా ఊరికీ బడికీ మధ్య వాగులా పారేవి. చుట్టు తిరిగి పోయే బాట ఒకటి ఉంది గానీ అది రెండింతల దూరం. ఆలస్యమైతే పంతులు బెత్తం తీసేవాడు. దెబ్బలకు భయపడి పిల్లలు నీళ్లలోంచే పోయేవారు.

అది ఒక వానాకాలం. నేను కాపురానికి వచ్చి రెండేళ్లు, ఇంకా పిల్లలు లేరు. రోజూ గడ్డికి అటే పోతాను గనుక, మా వాడలో బడికెళ్లే ఏడుగురినీ పొద్దున దాటించి సాయంత్రం తీసుకొచ్చే పని నాకు అప్పగించారు.

మా పుట్టింటివాళ్లు గొర్రెలు కాసేవాళ్లు. మందను దొడ్లోకి తోలేటప్పుడు మా నాయిన ఒక్కో గొర్రెకు ఒక్కో రాయి బుట్టలో వేసేవాడు. నేనూ ఆ పద్ధతే పెట్టాను. పొద్దున తలా ఒక చింతగింజ ఇచ్చేదాన్ని. సాయంత్రం దాటి మా ఒడ్డుకు రాగానే గింజ నా చేతిలో వేయాలి. ఇంకొకటి, ఒడ్డున నేను కూర్చుంటే అందరూ కూర్చోవాలి. నేను లేచేదాకా ఎవరూ నీళ్లవైపు కదలకూడదు.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి ముసురు. పొద్దున పాదాలు తడిపిన నీళ్లు సాయంత్రానికి నా మోకాళ్ల దాకా వచ్చాయి. ఇంకా పెరగకముందే దాటించాలని తొందరపడ్డాను. పిల్లల చేత తాడు పట్టించి, నేను ముందు నడిచాను. ఒడ్డుకు చేరి చెయ్యి చాపాను. గింజలు ఏడు పడ్డాయి. కొంగున ముడివేసుకుని నాలుగడుగులు వేశాక ఎందుకో వెనక్కి చూశాను. ఆరు ముఖాలే ఉన్నాయి.

మా పక్కింటి సాయిబుల పిల్ల లేదు. ఆరేళ్లది.

"అదేది?" అన్నాను.

అందరిలో పెద్దపిల్ల నేల చూసింది. "పలక మర్శిపోయిందట చిన్నమ్మా. తెచ్చుకుంటనని మళ్ల బడికి ఉరికింది."

"మరి దాని గింజ?"

"నన్నెయ్యుమన్నది. లెక్క తక్కువైతే నువ్వు కోపం జేస్తవని."

గొర్రె తన రాయిని ఇంకో గొర్రెకు ఇచ్చి పోదు. ఆ మాట నాకు అంతవరకూ తట్టలేదు.

అంతలో పిల్ల అవతలి ఒడ్డున కనిపించింది, నెత్తిమీద పలకతో. అరిచాను. నీటి హోరులో వినపడలేదు. ఆగమని చెయ్యి ఊపాను. రమ్మంటున్నాననుకుని నీళ్లలో కాలు పెట్టింది. పాదం మునిగింది, పిక్క మునిగింది.

నేను ఉరికితే అదీ ఎదురొస్తుంది. అక్కడే బురదలో కూర్చుని, ఆరుగురినీ పక్కన కూర్చోబెట్టాను. పిల్ల నిలబడి మమ్మల్ని చూసింది. చాలాసేపు చూసినట్టనిపించింది. తర్వాత ఒక్కో అడుగే వెనక్కి వేసి గట్టున కూర్చుంది.

ఇప్పుడు నేను లేస్తే అదీ లేస్తుంది. "నేను పోయినా మీరు లేవొద్దు, ఒక్కలు గూడ లేవొద్దు" అని పిల్లలకు చెప్పి, కూర్చున్నట్టే జారి నీళ్లలోకి దిగాను. తొడల దాకా ఉన్న నీళ్లు నడిమధ్యకు వచ్చేసరికి నడుం దాకా వచ్చాయి. కాళ్ల కింద ఇసుక జారిపోతోంది. నేను దాన్నే చూస్తూ నడిచాను. అది మాత్రం నన్ను చూడకుండా, నా వెనక ఒడ్డున కూర్చున్న ఆరుగురినీ చూస్తోంది.

పిల్లను భుజాల మీద ఎక్కించుకుని తిరిగి సగం దూరం వచ్చాక, నెత్తి మీద ఏదో బరువు తగిలింది.

"ఏందే అది?"

"పలక, చిన్నమ్మా. నీ నెత్తి మీద పెట్టిన. తడవలే."

ఇంట్లో చెప్తే మా అత్త, "ఏం గాలే గద, వాళ్లమ్మకు జెప్పి ఎందుకు లొల్లి" అంది. ఆ రాత్రి వాళ్లమ్మకు చెప్పలేదు.

తెల్లారి పిల్ల వాళ్లింటికి పోయి, జరిగింది జరిగినట్టు తల్లికి చెప్పాను. ఆమె రొట్టె కొడుతున్న చెయ్యి ఆపింది.

"గొర్లకు అకల్ ఉండదు, తెలివుండదు చెల్లె, నీ లెక్క నడుస్తది. గీ షైతాన్లకు నడుస్తదా?" అంది. మళ్లీ రొట్టె కొడుతూ, "ఇయ్యాల ఎట్ల తీస్కపోతవ్?" అని అడిగింది.

చుట్టుబాట పట్టించాను. అందరినీ ముందు పెట్టి నేను వెనక నడిచాను. బడికి చేరేసరికి పాఠం సగమైంది. పంతులు బెత్తం అందుకున్నాడు. గడప దాటి లోపలికి పోయి, ఆయనకూ పిల్లలకూ మధ్య నిలబడి, "నీళ్లు తగ్గేదాంక గీ యాళ్లకే వస్తరు పంతులయ్యా. కొట్టేదుంటే నన్ను కొట్టుండ్రి" అన్నాను.