పదో వరుస కింద ఉన్న మాట

ప్రతి ఉదయం మనల్ని లేపి, చేతులకు పని ఇచ్చే దేవునికి స్తోత్రం. మన తెలివిని, మన తప్పును రెండింటినీ ఎరిగి కూడా మనల్ని విడువని ఆయన నామానికే మహిమ.

మహారాష్ట్ర అంచున సిరొంచలో మా సంఘం నడిపే ఆరోగ్య సేవలో మేము నలుగురం: నర్సమ్మ, జీపు డ్రైవరు, మందుల గది చూసుకునే అక్క, నేను. ఊళ్లలోని సంఘ పెద్దలు, తాలూకా ఆఫీసులు పంపే మెయిళ్లన్నీ నాకే వస్తాయి. ఏళ్లపాటు ఉదయ ప్రార్థన కాగానే వాటిని ఒక్కొక్కటే చదివి, ఎవరు ఏం చేయాలో జాబితా రాసి అందరి ఫోన్లకూ పంపేవాణ్ణి. దాంతోనే ఒక పూట గడిచిపోయేది.

ఈ వానాకాలానికి ముందు ఆ పనిని కంప్యూటర్‌కు అప్పగించాను. మెయిల్ రాగానే అదే చదివి పనిని, ఊరిని, చేయాల్సిన మనిషిని జాబితాలో వేస్తుంది. పని ఏదీ లేనివాటిని ‘వందనాలు’ అనే అరలో పెడుతుంది. ఆఫీసు మెయిళ్ల అడుగున పాత ఉత్తరాలే మళ్లీ మళ్లీ వేలాడుతుంటాయి కనుక, మొదటి పది వరుసలు చదివితే చాలని నేనే నియమం పెట్టాను. నెల రోజులు హాయిగా గడిచాయి.

ఒక ఉదయం జీపు మందుల కోసం ఆష్టికి బయలుదేరిపోయాక నర్సమ్మ అడిగింది.

“సార్, భామ్రాగడ్ దిక్కు సంఘ పెద్దాయన కాడికెళ్లి ఏం రాలేదా? ఆయన కోడలికి నెలలు దగ్గరవడ్డయి. కవలలు. నొప్పులు రాకముందే దవాఖాన్ల చేర్పించాలని నేనే చెప్పిన.”

“లిస్టుల ఏం లేదమ్మా.”

“లిస్టుల లేకుంటే కడుపుల లేనట్టా? మెయిల్ తెరిచి చూడుండ్రి.”

వందనాల అరలో ఉంది, రెండు రోజుల కిందటిది. మా పెద్దలు ముందు దేవుణ్ణి స్తుతించకుండా అవసరం చెప్పరు. సండే స్కూలు నుంచి మేమూ అలాగే నేర్చుకున్నాం. ఆయన పదిహేను వరుసల స్తోత్రం, సంఘంలోని అందరికీ పేరుపేరునా వందనాలు రాసి, చివర ఒక్క మాట పెట్టాడు: “కోడలికి కాళ్లు వాచినయి. ఏరు పొంగకముందే జీపు పంపగలరు.” యంత్రం పదో వరుస దగ్గరే ఆగిపోయింది. అక్కడ ఆగమన్నది నేను.

ఫోన్ చేస్తే డ్రైవరు ఆలాపల్లిలో చాయ్ తాగుతున్నాడు.

“ఆష్టికి పోకు తమ్మీ. అట్నుంచే భామ్రాగడ్ తొవ్వ పట్టు.”

“ఇప్పుడా సార్? మబ్బు ఎట్లున్నదో చూసిండ్రా? నిన్న చెప్తే పోయొస్తుంటి కదా.”

“తప్పు నాదే. జర పో.”

“సరే, మీరు మోకాళ్ల మీదుండుండ్రి. నేను గేర్ల మీదుంట.”

నిజంగానే మోకాళ్ల మీదే ఉన్నాను. సాయంత్రం అతని ఫోన్ వచ్చింది. నీళ్లు వంతెనను అందుకుంటుండగా దాటారట, ఆమెను అహేరిలో ఆసుపత్రిలో చేర్చారట.

మూడో రోజు పిల్లలు పుట్టాక చూడ్డానికి వెళ్లాను. వరండాలో కూర్చున్న పెద్దాయనతో, “ఇగనుంచి పని ముందు రాయుండ్రి పెద్దయ్యా” అన్నాను.

“పైనున్న ఆయనను దాటి నిన్నెట్ల అడుగుత బిడ్డా?”

నేనే నియమం మార్చాను. ఇప్పుడు యంత్రం ప్రతి మెయిలూ చివరిదాకా చదువుతుంది. వందనాల అరను రోజూ నేను కూడా చదువుతాను.

తల్లి క్షేమం. పెద్దపాప పాలు తాగుతోంది. చిన్నది ఇంకా గాజుపెట్టెలోనే ఉంది, చాలా తక్కువ బరువు. ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం కళ్లు మూసుకోండి. ప్రభువా, ఆ పసిదానికి ఊపిరి నిలుపు, తల్లి ఒడికి చేర్చు. మాతోపాటు మీరూ ఆమెన్ అనండి.