ఉత్తరాలమ్మకు కావలసిన ఉత్తరం

లా కాలేజీ ఆఫీసులో బీరువాకూ కిటికీకీ మధ్య ఇరుక్కుని ఒక బల్ల ఉంది. దాని వెనక ఇరవై రెండేళ్లుగా కూర్చున్న టైపిస్టును పిల్లలంతా ఉత్తరాలమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, అక్కడే హాయిగా ఉంది.

లాలో మాస్టర్స్ చదవాలనుకునేవాళ్లకు దరఖాస్తుతో పాటు ప్రొఫెసరు సిఫార్సు ఉత్తరం కావాలి. ఆ కాలేజీలో దానికో పద్ధతి స్థిరపడిపోయింది. పెద్ద ప్రొఫెసరు గారిని అడిగితే ఆయన “దానికేం భాగ్యం!” అని ఉత్తరాలమ్మ వైపు వేలు చూపిస్తారు. ఆమె ఆ పిల్లనో పిల్లాణ్నో ఎదురుగా బెంచీ మీద కూర్చోబెట్టి, కూపీ లాగి, ఉత్తరం అల్లి, టైపు కొట్టి లోపలికి పంపుతుంది. ఆయన చదవకుండా సంతకం పెడతారు. సంతకం మాత్రం చూడముచ్చటగా ఉంటుంది, తోకతో సహా.

ఒకరి తరఫున మరొకరు రాసిపెట్టడం లోకంలో చాలా పాత వృత్తి. కచేరీ మెట్ల మీద అర్జీలు రాసేవాళ్లు, చదువురాని తల్లులకు జాబులు రాసిపెట్టేవాళ్లు, రాజుగారి గొప్పలు రాతి మీద చెక్కినవాళ్లు, అందరిదీ ఒకటే జబ్బు. ఎదుటివాడి గుణగణాలు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. సొంత సంగతి అడిగితే నీళ్లు నములుతారు.

ఉత్తరాలమ్మ అదే కాలేజీలో సాయంత్రం క్లాసులకు కూర్చుని లా డిగ్రీ తెచ్చుకున్న సంగతి చాలామందికి తెలియదు. ఈ ఏడు మాస్టర్స్‌కు తనే దరఖాస్తు నింపింది. ఇంట్లో తెలిసింది వదిన ఒక్కతెకే.

“యాభై ఏళ్లొచ్చాక బడికా తల్లీ? పలక కొనిపెట్టనా?” అంది వదిన.

“కొనిపెట్టు వదినా. నువ్వెలాగూ ఏడాది పాటు దాని ధరే చెబుతావు.”

“ముందు మీ సార్‌ని అడిగి ఏడు. నెలరోజుల నుంచీ సిగ్గుపడుతున్నావు, పెళ్లిచూపుల్లో కూడా ఇంత సిగ్గుపడలేదు నువ్వు.”

అలా నాన్చి నాన్చి ఆఖరి రోజు అడిగింది. సాయంత్రం ఐదింటికి తపాలా సంచి కట్టేస్తారు. ఆ పూట ఉత్తరం పోకపోతే ఈ ఏటికి చదువు లేనట్టే. వచ్చే ఏడు మళ్లీ ఇంత ధైర్యం వస్తుందన్న నమ్మకం ఆమెకు లేదు.

“దానికేం భాగ్యం!” అన్నారు ప్రొఫెసరు గారు అలవాటుగా. “రాసి పట్రా, సంతకం పెడతా.”

“నేను రాయకూడదు సార్. చూడనూ కూడదు. మీరే రాసి, అంటించి, కవరు మడత మీద సంతకం పెట్టాలట.”

ఆయన కళ్లజోడు తీసి తుడిచారు. “నేను చెబుతాను, నువ్వు కళ్లు మూసుకుని టైపు కొట్టు.”

“చెవులేం చెయ్యమంటారు సార్?”

ఆయన తలుపు వేసుకున్నారు. కాగితాలు నలుపుతున్న చప్పుడు గంటసేపు వినిపించింది. మూడింటికి తల బయటపెట్టారు.

“పోయినేటి ఉత్తరాల ఫైలు ఓసారి ఇటివ్వు.”

ఉత్తరాలమ్మ చెయ్యి బీరువా దాకా వెళ్లి ఆగింది. ఇస్తే పని అయిపోతుంది. కానీ అది తన ఉత్తరం కాదు, ఎవరో కుర్రాడి కోసం తను అల్లిన మాటలే మళ్లీ తన మెడలో పడతాయి.

“ఇవ్వను సార్.”

“మరేం రాయమంటావు? ఇన్నేళ్లుగా చూస్తున్నాను, నీ గురించి నాకు తెలిసిందల్లా నువ్వు పొద్దున్నే కిటికీ తెరుస్తావని!” ఆయన వచ్చి పిల్లలు కూర్చునే బెంచీ మీద కూలబడ్డారు. “నువ్వే చెప్పు. నువ్వు చేసిన పని ఒక్కటి చెప్పు.”

ఏం చెప్పాలి? మంచిమాట ఒక్కటీ తోచలేదు. తోచిందల్లా ఆరేళ్లుగా గొంతులో ముల్లులా ఉన్నదే. గడియారం మూడున్నర చూపిస్తోంది. చెబితే ఉత్తరం గోవిందా అని తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

“క్లాసులో మీతో వాదించి నిలబడిన అమ్మాయి గుర్తుందా సార్? ఆ పిల్ల సిఫార్సు ఉత్తరం అడిగితే ‘పొడిపొడిగా రాసి పారెయ్’ అన్నారు.”

“అన్నాను. అలాగే రాశావుగా?”

“లేదు సార్. మీ తప్పు మీ మొహాన చెప్పగలిగిన విద్యార్థి పాతికేళ్లలో ఈమె ఒక్కతే అని రాశాను. మీరు సంతకం పెట్టారు.”

ఆయన మెడ దాకా ఎర్రబడ్డారు.

“సీటొచ్చిందా ఆ పిల్లకి?”

“వచ్చింది సార్.”

ఆయన లేచి తలుపు వేసుకున్నారు. ఈసారి కాగితాల చప్పుడు రాలేదు. అయిపోయింది అనుకుని ఉత్తరాలమ్మ దరఖాస్తు కాగితాలు సంచిలో సర్దుకుంది. ఏడుపు రాలేదు, వదిన ఏమంటుందో తలుచుకుంటే నవ్వు మాత్రం వచ్చింది.

నాలుగూ పదికి కవరు బల్ల మీద పడింది. అంటుకోవడానికి జిగురు చాలదని కాబోలు, సగం సీసా పూశారు. మడత మీద సంతకం వంకరగా ఉంది, తోక లేదు.

“ఏం రాశానో అడగవా?”

“అడగకూడదు సార్.”

“మంచిదే. రెండుసార్లు చదివాకే సంతకం పెట్టాను. పరిగెత్తు, తపాలా కట్టేస్తారు.”

జిగురు ఇంకా ఆరలేదు. ఉత్తరాలమ్మ సంచి భుజాన వేసుకుని, కవరును రెండు వేళ్లతో పట్టుకుని, పరాయివాళ్ల పసిబిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్తగా మెట్లు దిగింది.