అమావాస్యకి మా అత్తయ్య వేసే గడియ

చెబుతున్నది నిజం. అన్నం పళ్లెం ముందు కూర్చుని అబద్ధమాడే అలవాటు నాకు లేదు. పిల్ల మీద ఒట్టు మాత్రం వేయను... ఎందుకు వేయనో మీకే అర్థమవుతుంది. నవ్వితే నవ్వండి. కానీ "నిద్రమత్తులో భ్రమపడ్డావు" అన్నారంటే లేచి వెళ్లిపోతాను. ఆ మాట విని విని ఒళ్లు మండిపోయి ఉంది.

మేముండేది విజయపురి సౌత్‌లో, మా ఆయనకిచ్చిన క్వార్టర్‌లో. ఆయనది కుడి కాలువ గేట్ల దగ్గర డ్యూటీ. నేను రోజూ బస్సెక్కి మాచర్ల వెళ్లి ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఇంట్లో రెండు గదులు, మధ్యలో వరండా. ఒక గది మాది, ఇంకోటి అత్తయ్యది. మా పాపకి ఆరేళ్లు.

రెండేళ్ల కిందట అత్తయ్య నా పుట్టిన తేదీ పట్టుకుని ఒక సిద్ధాంతి దగ్గరికి వెళ్లింది. నాతో ఒక్క మాట అనలేదు. ఆయన పంచాంగం తిరగేసి "అమావాస్య జననం" అన్నాడట. చంద్రుడు మనసుకి కారకుడట. పౌర్ణమికి పుట్టినవాళ్ల మనసు నిండుగా, నిలకడగా ఉంటుందట. అమావాస్యకి పుడితే చంద్రబలమే ఉండదట... కోపం, అనుమానం, నిద్రలో కలవరింతలు. అంతటితో ఊరుకున్నాడా? అమావాస్య రాత్రి పిల్లని తల్లి పక్కన పడుకోబెట్టొద్దన్నాడట!

అప్పటి నుంచి నెలకో రాత్రి అత్తయ్య పాపని తన గదిలోకి తీసుకుపోయి లోపల గడియ వేసేది. నేను కన్న పిల్ల... నాకు గడియ! అరిస్తే, "చూశావా, అమావాస్య కోపం" అనేది. పప్పులో ఉప్పెక్కువైనా అమావాస్యే. బస్సు ఆలస్యమై విసుక్కున్నా అమావాస్యే. మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు. "నెలకొక్క రాత్రే గదా, సర్దుకుపోవే" అని ముసుగు తన్నేవాడు.

పోయిన నెల స్టాఫ్‌రూమ్‌లో ఈ ఏడుపంతా మా తెలుగు మాస్టారి ముందు వెళ్లగక్కాను. ఆయన నేను పుట్టిన టైమ్ అడిగారు. రాత్రి పదకొండు దాటాక అన్నాను. మర్నాడు ఇంటి నుంచి పాత పంచాంగం పట్టుకొచ్చారు. ఆ రోజు అమావాస్య రాత్రి ఎనిమిదిన్నరకే అయిపోయింది.

"పండక్కయితే పొద్దు పొడిచేటప్పటి తిథి చూస్తారమ్మా. పుట్టుకకి, పుట్టిన టైమ్‌లో ఏ తిథి ఉందో చూడాల. మీ సిద్ధాంతి టైమ్ అడక్కుండా తేదీ చూసి చెప్పేశాడు. నీది పాడ్యమి. పెరిగే చంద్రుడు," అన్నారు.

రెండేళ్లు! ఒక్క ప్రశ్న అడగని బద్ధకానికి నా పిల్ల ఇరవై పైన రాత్రులు నాకు దూరమైంది. ఆ పేజీ జిరాక్స్ తీయించి ఇంటికి తెచ్చి అత్తయ్య ముందు పడేశాను. వాదిస్తుందనుకున్నాను. రెండుసార్లు చదివింది. మొహం పాలిపోయింది.

"ఈ ఒక్క అమావాస్యకీ పిల్లని నాకాడ పండుకోనియ్యవే," అంది మెల్లగా.

"చచ్చినా ఇవ్వను," అన్నాను.

ఆ అమావాస్య రాత్రి మా ఆయనకి నైట్ డ్యూటీ. పాప నా పక్కన పడుకుని కాలు నా పొట్ట మీద వేసింది. గెలిచాననిపించింది. ఆ వారమంతా తొమ్మిదో తరగతి మీద అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయి ఉంది. వేణ్ణీళ్లు తాగి కళ్లు మూసుకున్నాను.

ఎంత రాత్రయిందో తెలియదు. మెలకువ వచ్చింది. వరండాలో చెప్పుల చప్పుడు... టప్... టప్... నెమ్మదిగా. అత్తయ్య లేచిందేమో అనుకున్నాను. కానీ ఆ నడక అత్తయ్య గది వైపు వెళుతోంది. ఆగింది. తలుపు మీద మూడు దెబ్బలు. దెబ్బతో పాటు గాజుల చప్పుడు.

తర్వాత... గొంతు.

"అత్తయ్యా... పాపనియ్యండి."

నా గొంతు. నాలాంటి గొంతు కాదు, నాదే. ఆ బొంగురు కూడా ఉంది. "పాప" అన్నాక చిన్న దగ్గు వచ్చింది... రెండు రోజులుగా నాకు వస్తున్న దగ్గే.

నేను కదల్లేదు. చెయ్యెత్తి నా పెదవుల మీద పెట్టుకున్నాను, అవి కదులుతున్నాయేమో చూద్దామని. కదలటం లేదు.

పాప కళ్లు తెరిచే ఉంది. నా చెవి దగ్గరికి జరిగి గుసగుసగా అంది.

"అమ్మా... నువ్వు నానమ్మని పిలుస్తన్నావు."

అప్పుడు భయం వేయాలి కదా. నాకు కోపం వచ్చింది. ఎక్కడెక్కడి కోపమో ముంచుకొచ్చింది. నా గొంతుతో, నా పిల్లని అడగటానికి నువ్వెవరు?

"ఎవరే అది!" అని అరిచాను.

బయట అంతా ఆగిపోయింది. తర్వాత చెప్పులు ఇటు తిరిగాయి. టప్... టప్... మా తలుపు దాకా వచ్చాయి. ఆగాయి. పాప నా జాకెట్ గట్టిగా పట్టుకుంది. అంతే... ఇంకే చప్పుడూ లేదు. వెనక్కి పోయిన చప్పుడు కూడా లేదు. తెల్లారేదాకా ఆ తలుపే చూస్తూ కూర్చున్నాను.

పొద్దున తలుపు తీస్తే వరండాలో అత్తయ్య కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రాత్రి తలుపు కొట్టింది ఎవరత్తయ్యా?" అన్నాను.

"నువ్వేనే."

"నేను పాప పక్కనే ఉన్నాను!"

"తెలుసు. రాత్రే తెలిసింది." చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "రెండేళ్ల నుంచి ప్రెతి అమావాస్యకీ వస్తన్నావు. మొదట్లో పిల్ల నీకాడే ఉన్నా, నా తలుపు కొట్టి పిల్లనియ్యమన్నావు. నిద్దట్లో నడస్తన్నావనుకున్నా. మావోడితో అంటే నిన్ను పిచ్చిదాన్ని చేసి పుట్టింటికి తోలతాడని సిద్ధాంతి కాడికి పోయా. అమావాస్య పుట్టుకన్నాడు. హమ్మయ్య, ఇదేలే అనుకున్నా. రాత్రి నా తలుపు కాడ నువ్వు పిలిచావు, ఆ గదిలోంచీ నువ్వే అరిచావు. రెండు గొంతులూ ఇన్నానే."

రెండేళ్లుగా నన్ను తిట్టిన నోరు నన్ను కాపాడాలనే తిట్టిందా? ఆ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదని మీద పడి అరిచాను. ఆవిడ ఏడ్చింది. నేను ఇంకా అరిచాను. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన, "మీరిద్దరూ కలిసి నన్ను పిచ్చోణ్ణి చేస్తన్నారు," అని స్నానానికి వెళ్లిపోయాడు.

అది ఎవరో ఆడిన ఆటా? ఇన్నాళ్లూ నిద్రలో నడిచింది నేనేనా? అయితే పాప పక్కన ఉన్నదెవరు? తెలియదు. కోపం మాత్రం అలాగే ఉంది, ఎవరి మీదో చెప్పలేను.

ఎల్లుండి మళ్లీ అమావాస్య. పాపని ఏ గదిలో పడుకోబెట్టాలో ఇంకా తేల్చుకోలేదు. పొద్దున జడ వేస్తుంటే పాపే అడిగింది.

"అమ్మా, ఎల్లుండి నువ్వు తలుపు కొడితే, తియ్యనా వద్దా?"