పిలిస్తే వచ్చిన ఆవు

బస్సు కండక్టరుగా ముప్పయ్యొక్కేళ్లు చేసి రిటైరైన ఆ పెద్దమనిషిని వీధిలో అందరూ రైట్‌రైట్ మామ అనే పిలుస్తారు. బస్సు దిగిపోయాక ఆయన అధికారమంతా పెరట్లో క్యాబేజీ మళ్ల మీదికి మళ్లింది. టికెట్ లేకుండా చీమ కూడా లోపలికి రాకూడదు.

చీమ సంగతేమో గాని, పక్కింటి పాలావిడ ఆవు మాత్రం వచ్చింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి రెండు వరసలు మొదలంటా మేసి, మిగిలినవాటిని తొక్కేసి పోయింది. పాలావిడ పరుగున వచ్చి, "తాడు తెంపుకుంది అన్నయ్యగారూ, ఏమనుకోకండి" అని ఎంతో నొచ్చుకుంది. "పోనీలేమ్మా, నోరులేని జీవం" అని ఈయన పైకి నవ్వాడు. లోపల పళ్లు నూరుకున్నాడు.

మర్నాడే కరెంటు కంచె తెచ్చాడు. ఒక బ్యాటరీ పెట్టె, కట్టెడు కర్రలు, చుట్టెడు తీగ. "ప్రాణానికేం కాదు, జడుసుకుంటుందంతే" అన్నాడు కొట్టతను. "ముక్కుకు ఒక్కసారి తగిలిందా, ఇక జన్మలో ఇటు రాదు. అది వచ్చేదాకా ఆగలేరనుకోండి, తీగకు ఓ ఆకు వేలాడదీయండి."

ఆగడం మన మామ జాతకంలోనే లేదు. పెరటిని ఆనుకుని ఒక సందు ఉంది. పాలావిడ కొట్టం నుంచి బీడుకు పోవాలంటే అదొక్కటే దారి. మర్నాడు పొద్దున్న ఆవిడ పాలు పోయడానికి వెళ్లింది. ఆవు సందు మొదట్లో గడ్డి కొరుక్కుంటూ తన మానాన తను నిలబడి ఉంది. మామ తీగకు క్యాబేజీ ఆకు కట్టి, "దా, దా తల్లీ" అని పిలిచాడు. ముదురాకులు ఆయన చేతిలోంచి తినడం దానికి అలవాటే. చెవులు ఊపుకుంటూ వచ్చి ముక్కు చాచింది.

ఒక్క అరుపు అరిచి, గోడకు ఒరుసుకుంటూ వెనక్కి పరుగెత్తింది. మామ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఆయనకు తల కొట్టేసినట్టుంటుంది.

ఆ రోజు నుంచి ఆవు సందులో అడుగుపెట్టలేదు. రెండో రోజు మామ బ్యాటరీ తీసేశాడు. మూడో రోజు తీగ కూడా చుట్టేశాడు. కంచె లేదని దానికెవరు చెబుతారు? బీడు లేక, ఎండుగడ్డి సరిపోక పాలు సగానికి పడిపోయాయి. వాడుకగా పోయించుకునే ఇళ్లవాళ్లు వేరేచోట చూసుకుంటున్నారు. రోజూ పొద్దున్నే గోడ అవతల "నడవవే, నడువు" అని ఆవిడ అరుపులు వినపడుతుంటే, మామ కుక్కిన పేనులా మంచం మీదే పడి ఉండేవాడు. చెప్పేస్తే పోయేదే. చెప్పడానికి మొహం చెల్లలేదు.

అయిదో రోజు ఆవిడే గుమ్మంలోకి వచ్చింది.

"మీరొకసారి పిలవండి అన్నయ్యగారూ. మీ గొంతు వింటే ఎక్కడున్నా వచ్చేస్తుంది కదా."

"గొంతు బాగాలేదమ్మా" అని నసిగాడు. ఆవిడ కదల్లేదు. కాళ్లీడ్చుకుంటూ వెళ్లి సందులో నిలబడ్డాడు. ఆవిడ తాడు పట్టుకుంది.

"దా తల్లీ" అన్నాడు, తనకే వినపడనంత మెల్లగా.

ఆ మాటకే ఆవు నాలుగు కాళ్లూ తన్నిపట్టి వెనక్కి గుంజింది. తాడు జారి ఆవిడ అరచేయి చర్మం లేచిపోయింది. ఆవు వణుకుతూ మామనే చూస్తోంది. ఆయనకు చచ్చేంత సిగ్గేసింది.

"నేనేనమ్మా" అన్నాడు. "కరెంటు తీగకు ఆకు కట్టి నేనే పిలిచాను. ఆ రోజు అది దొంగమేతకు రాలేదు. నేను పిలిస్తే వచ్చింది."

తిడుతుందని తల వంచుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆవిడ తన చేతికేసి కూడా చూసుకోలేదు. ఆవు దగ్గరికి వెళ్లి, దాని వీపు మీద తేలిన వాతలను వేళ్లతో తడుముతూ ఉండిపోయింది.

"మొండికేసిందనుకున్నాను అన్నయ్యగారూ" అంది చివరికి. "నాలుగు రోజులుగా దీన్ని కర్రతో కొడుతున్నాను."