ఖాళీ బెంచీల పండితుడు

"అమెరికా వెళ్ళి చైనా భాష చదవడమేంటే? ఆ ఏడుపేదో చైనాలోనే ఏడవొచ్చుగా!" మా పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఇదే దెప్పు. నాకు వచ్చింది పూర్తి చైనా భాష కూడా కాదని తెలిస్తే ఇంకెంత తిడుతుందో. నేను నేర్చుకున్నది ప్రాచీన గ్రంథాల భాష. చదవగలను, రాయగలను. మేముండే క్యారీ ఊళ్ళోని చైనా కొట్లో తోటకూర కట్ట అడగాలంటే మాత్రం నోరు పెగలదు.

ఆ చదువు నేర్పింది మా ప్రొఫెసర్. చైనాలో పుట్టి, ఇక్కడే పాఠాలు చెబుతూ ముసలిదైపోయిన మనిషి. తన జీవితమంతా ఒక ఇంగ్లీషు పండితుడి జీవితచరిత్ర రాయడానికే ధారపోసింది. ఆయన విక్టోరియా రాణి కాలం వాడు. మతప్రచారానికని దక్షిణ చైనా రేవుకి వెళ్ళి, ప్రచారం పక్కనపెట్టి పుస్తకాల్లో పడ్డాడు. ఇంగ్లండు తిరిగొచ్చాక అక్కడి యూనివర్సిటీలో ఆయన్ని చైనా భాషకి ఆచార్యుణ్ణి చేశారు గానీ, వినడానికి ఎవరూ రాలేదు. అయినా ఆచార్యులు వేసుకునే నల్ల గౌను తొడుక్కుని, టైముకి వచ్చి, ఖాళీ బెంచీలకి పాఠం చెప్పి వెళ్ళేవాడట. చైనా రాజధాని నుంచి అతిథులొస్తే ఆయన రేవు యాస వాళ్ళకి అర్థమయ్యేది కాదు. అక్కడ మాట ఊరికొక తీరు, రాత మాత్రం అందరికీ ఒకటే. అందుకని వేలితో అరచేతిలో అక్షరాలు గీసి మాట్లాడేవాడు.

"ఆయనకంటే నేను అదృష్టవంతురాలిని. నాకు నువ్వైనా ఉన్నావు" అనేది ప్రొఫెసర్. నిజమే, చివరికి ఆ క్లాసులో మిగిలింది నేనొక్కదాన్నే.

ఆఖరి అధ్యాయం, ఆ ఖాళీ బెంచీల రోజులు, ఇంకా రాయవలసి ఉండగానే ఆవిడకి మతిమరుపు జబ్బు మొదలైంది. కాగితాలన్నీ నాకు అప్పగించి, "నువ్వు పూర్తి చెయ్యి. అయ్యాక నాకు చెప్పు" అంది. రాశాను. పుస్తకం అచ్చుకి వెళ్ళిన వారమే ఆవిడ ఉంటున్న వృద్ధాశ్రమానికి బయల్దేరాం.

"పార్కింగ్‌లో వెయిట్ చేస్తాలే, నువ్వు నిదానంగా చెప్పి రా" అన్నాడు మా ఆయన.

లోపల నర్సు ముందే హెచ్చరించింది. ఆవిడకి ఇంగ్లీషు పూర్తిగా పోయిందట, చిన్ననాటి ఊరి మాటే మిగిలిందట.

కిటికీ పక్కన కూర్చున్న ప్రొఫెసర్ నన్ను చూసి ఏదో అడిగింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. నా చదువు మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. పుస్తకం అయిందని ఇంగ్లీషులోనే చెప్పాను. కొత్తవాళ్ళని చూసి నవ్వినట్టు మర్యాదగా నవ్వింది.

అప్పుడు పండితుడు గుర్తొచ్చాడు. ఆవిడ చెయ్యి అందుకుని అరచేతిలో వేలితో రాశాను: పుస్తకం పూర్తయింది.

ఆవిడ మొహం మారింది. నా వేలు పట్టుకుని చివరి అక్షరం మళ్ళీ రాయించింది. అందులో చుక్క ఆఖరున పెట్టాలి, నేను తొందరలో ముందే పెట్టేశాను. క్లాసులో దీనికి ఎన్ని చీవాట్లు తిన్నానో! గుర్తుపట్టిందనుకున్నాను. ఏడుపు ఆగలేదు.

నా చెయ్యి తిప్పి రాసింది: ఎవరి శిష్యురాలివి?

మీ శిష్యురాలినే, అని రాశాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. నా అరచేతిలో నెమ్మదిగా, ఒక్క గీత తప్పకుండా రాసింది.

నాకు శిష్యులెవరూ లేరు.