మా వాడకట్టాయన

మొన్న మా మనవరాలు ఫోను నా చెవి దగ్గర పెట్టి ఒకటి వినిపించింది, పాట అనాలో మాట అనాలో తెలియదు గానీ, దరువు మీద గడగడా మాటలు దొర్లించుకుంటూ పోతున్నాడొక కుర్రవాడు. మడికొండ పిల్లవాడట. మూడేళ్ల కిందట మేడమెట్ల మీద కూర్చుని ఫోనులో పాడి పెట్టినవాడు ఇవాళ ఊరూరా స్టేజీలెక్కుతున్నాడట, వాణ్ణి చూసి నర్సంపేట నుంచి హైదరాబాదు దాకా పిల్లలంతా ఇంట్లో మాట్లాడే మాటలతోనే ర్యాపు కడుతున్నారట. "మీ కాలంల ఇట్ల పాడెటోళ్లు ఉండిరా తాతా?" అని అడిగింది. నాకు మా ఇంటి మగ్గం చప్పుడు గుర్తొచ్చింది.

ఎనభైల మొదట్లో మా ఇంట్లో జంపఖానాల మగ్గం ఉండేది. ఆ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. పంజా అనే ఇనుప పళ్ల పనిముట్టుతో అడ్డపోగును ఇద్దరూ ఒక్కసారే కొట్టాలి, లేకపోతే నేత వంకర పోతుంది. మా బాపు, ఆయన తమ్ముడు చిన్నబాపు ఆ జోడీ. దెబ్బ తప్పకుండా చిన్నబాపు మాటలు కట్టేవాడు, పంజా పడ్డ చోటల్లా ప్రాస పడేది. ఎండ మీద, ఉడకని పప్పు మీద, వెలిసిపోయిన నూలు అంటగట్టిన సేటు మీద, అద్దం వదలని నా మీద, అప్పటికప్పుడు, ఊపిరి తీసుకోకుండా. బాపు నవ్వాపుకోలేక దెబ్బ తప్పితే "జర సక్కగ కొట్టన్నా, నవ్వుడు మాపటికి పెట్టుకో" అని దాన్నీ దరువులోనే కలిపేసేవాడు.

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేను, మగ్గం సంగతి అక్కడెవరికీ చెప్పలేదు. మా వాడలో ఒకసారి ఆ మాటలు విన్న నా సహాధ్యాయి, చిన్నబాపు నాకేమవుతాడో తెలియక, వార్షికోత్సవానికి పిలవాల్సిందేనని పట్టుబట్టి ఆ పని నాకే ఒప్పజెప్పాడు. చిన్నబాపు సంబరం అంతా ఇంతా కాదు. నాకేం రోగమో గానీ, ఆయన మాటలు మోటుగా ఉన్నాయని కొట్టేసి, పుస్తకాల తెలుగులోకి మార్చి, అదే బట్టీ పట్టించాను. పంజా తేవద్దన్నాను. "సదువుకున్నోనివి బిడ్డా, నువ్వు జెప్పినట్టే జేస్త" అన్నాడు.

వేదిక మీద రెండు వరుసలకే ఆయన నాలుక తడబడింది. కుడిచెయ్యి ఊరికే లేచి పడుతోంది, పిడికిట్లో పంజా లేదు. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. పక్కనున్న లెక్చరరు ఎవరోయ్ ఆయన అంటే "మా వాడకట్టాయన సార్" అన్నాను. తలతిప్పితే చిన్నబాపు అప్పుడే వేదిక దిగి నా వెనకే నిలబడి ఉన్నాడు.

చిన్నబాపు తెల్లారి మగ్గం మీద కూర్చున్నాడు గానీ మాటలు కట్టలేదు. బాపు దెబ్బ తప్పుతుంటే "ఒకటి, రెండు" అని లెక్కపెట్టాడు. పోయేదాకా అంతే. ఏమైందిరా అని బాపు ఎన్నిసార్లు అడిగినా ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు కాలం మారింది. నేను మోటని కొట్టేసిన మాటలకే ఆ మడికొండ పిల్లవాడికి హాళ్లకు హాళ్లు చప్పట్లు కొడుతున్నాయి, వాణ్ణి దిద్దే సాహసం నాలాంటి వాడెవడూ చేయడు. నా తప్పు ఒప్పుకోవడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదని నాకు తెలుసు. మనవరాలు ఇంకా నా మొహంలోకే చూస్తోంది. నోరు తెరిచాను.

"ఉండె బిడ్డా," అన్నాను, "మా వాడకట్టుల ఒకాయన."