పెరట్లో మోకాలి లోతు గుంట

పోలీస్ యాక్షన్ జరిగి రెండు నెలలైనా కాలేదు, మా ఇంట్లో అందరి దిగులూ వచ్చి నా ఛాతీ మీద పడింది. ఊళ్లో మాట్లాడుకోవడానికి విషయాలు లేక కాదు. సర్కారు మారింది. నాణెం మారుతుందంటున్నారు. రేపటి నుంచి ఆఫీసులో ఏ భాషలో రాయాలో గుమాస్తాలకు అంతుపట్టడం లేదు. అయినా మా నాయిన సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విడిచి, దర్జీ దగ్గర అడిగి తెచ్చిన టేపు తీసి నన్ను గోడకు నిలబెట్టేవాడు.

నాయిన సికింద్రాబాద్ స్టేషన్‌లో, గూడ్స్ ఆఫీసులో గుమాస్తా. రైల్వేలో గార్డు పనికి కొత్తవాళ్లను తీసుకుంటారని, మూడు నెలల్లో డాక్టరీ పరీక్ష ఉంటుందని ఆయన చెవిన పడింది. ఛాతీ ముప్ఫై ఒక్క అంగుళాలుండాలి. గాలి పీలిస్తే ఇంకో రెండు పెరగాలి. నాది ఇరవై తొమ్మిదిన్నర. పీలిస్తే ముప్ఫై. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. మెట్రిక్ పాసై ఏడాదిగా ఇంట్లో కూర్చున్నాను. తెల్ల కోటు, చేతిలో పచ్చజెండా, ఒక్క ఈల వేస్తే కదిలే బండి తప్ప నాకు ఇంకో కల లేదు.

"పీల్చు బిడ్డా, ఇంకా పీల్చు" అనేది అమ్మ, నీళ్లలో మునిగినవాణ్ణి చూస్తున్నట్టు.

"పీలుస్తనే ఉన్నడు. పోయేది పొట్టలకు పోతున్నది" అని నాయిన టేపు చుట్టేసేవాడు.

చివరికి ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని రాంగోపాల్‌పేట్‌లో ఉండే ఉస్తాద్ దగ్గరికి బయలుదేరాడు. ఆయన తాలీంఖానా నడిపేవాడు. కుస్తీ, కసరత్తు నేర్చుకునే చోటును మావైపు తాలీంఖానా అంటారు. పోలీస్ యాక్షన్ తర్వాత కత్తులు, బల్లేలు ఠాణాలో అప్పజెప్పమని దండోరా వేస్తే, ఆ ముసలాయన కసరత్తుకు ఊపే బరువైన కొయ్య ముగ్దర్లు కూడా భుజాన వేసుకెళ్లి ఇచ్చి వచ్చాడు. ఇవి ఆయుధాలు కావు, తీసుకుపొమ్మని జవాను చెప్పినా వినలేదట. "మీ దగ్గర్నే ఉండనీయండ్రి, నాకు పరేషాన్ తగ్గుతది" అన్నాడట. అప్పటి నుంచి శిష్యులు రావడం మానేశారు. మేం వెళ్లేసరికి కుస్తీ మట్టి మీద గడ్డి మొలిచి ఉంది, దాని మధ్య ఒక మేక కూర్చుని ఉంది.

ఉస్తాద్ నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. వెనక్కి వెళ్లినప్పుడు చిన్న నిట్టూర్పు వినిపించింది.

"మూడు నెల్లు చాలయా?" అన్నాడు నాయిన.

"అల్లా ఇచ్చిన బొక్కలు మంచిగున్నయి సాబ్. మీద కండ ఏం వెయ్యలేదు గంతే. నేనే మీ ఇంటికొస్త. మీరు జెర తయారీ చెయ్యండ్రి."

తయారీ ఏమిటో వేళ్లు మడిచి చెప్పాడు. ఒక లంగోటి. రోజూ నానబెట్టిన బాదం. పెరట్లో మనిషి పడుకునేంత పొడుగు, మోకాలి లోతు గుంట. ఆ మట్టిని జల్లెడ పట్టి, మజ్జిగ, నూనె, పసుపు పోసి కలపాలి. "జుమేరాత్ పొద్దుగాల వస్త. మట్టి తయారుండాలె" అన్నాడు. గుంట ఎవరు తవ్వాలో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆ నాలుగు రోజులు మా ఇంట్లో పెళ్లి పనుల సందడి. లంగోటికి గట్టి బట్ట కావాలని అమ్మ ఇల్లంతా వెతికి, నాయిన ఆఫీసుకు కట్టుకెళ్లే పాత తలపాగా చింపింది. నాయిన ఆ ముక్కను వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. "పదేండ్లు దొరల ముంగట నా తల మీదున్న బట్ట ఇది" అన్నాడు. అమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, "ఇప్పుడు సుత ఇజ్జత్ కాపాడెటందుకే గదా" అంది.

బాదం పప్పులు నాకు పెట్టేముందు బాగా నానాయో లేదో నాయిన కొరికి చూసేవాడు. నా వంతు వచ్చేసరికి సగమే మిగిలేవి.

గుంట సంగతి మా ఇంట్లో ఎవరికీ సమస్యగా తోచలేదు. మట్టి పనికి ఒక మనిషిని పిలిచాం. కలం పట్టే ఇళ్లలో పార పట్టాలంటే ఇంకెవరినో పిలుస్తారు. ఆ మనిషి రెండు రోజులు తవ్వాడు, జల్లెడ పట్టాడు, అమ్మ తెచ్చిపోసిన మజ్జిగ, నూనె కలిపి కాళ్లతో తొక్కి, గుంట పక్కనే కుప్ప పోశాడు. నేను అరుగు మీద కూర్చుని, ఉస్తాద్ ముందు అలసిపోకూడదని ఒళ్లు దాచుకుంటూ బాదం తిన్నాను.

పక్కింట్లో సర్కారు కచేరీలో పని చేసి పింఛను తీసుకుంటున్న పెద్దమనిషి ఉండేవాడు. గోడ మీది నుంచి తల పెట్టి గుంటను చూసేవాడు. ఆ తల నాకు ఎప్పుడూ కొంచెం మసకగానే కనిపించేది. పొద్దుటి మంచు అనుకునేవాణ్ణి.

"ఏందమ్మా, గింత లోతు?" అని అమ్మను అడిగాడు.

"పిల్లగాని కసరత్తుకు."

"గట్లనే అనాలె. ఎవలడిగినా గట్లనే చెప్పు" అని కన్ను గీటి దిగిపోయాడు. ఆ రోజుల్లో ఎవరు గుంట తవ్వినా బంగారం పాతడానికే అనుకునేవారు. మా ఇంట్లో పాతడానికి అమ్మ ముక్కుపుడక ఒక్కటే ఉందని ఆయనకు ఎవరు చెప్పాలి?

జుమేరాత్, అంటే గురువారం, పొద్దున్నే ఉస్తాద్ వచ్చాడు. ఉతికిన లాల్చీ, చెవిలో అత్తరు దూది. నేను లంగోటి కట్టుకుని, చలికి చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన వంగి మట్టి పిడికెడు తీసి వాసన చూశాడు. ముఖం వెలిగింది.

"షాబాష్! బంగారం లెక్కున్నది. ఏదీ, చేతులు సూపియ్ బేటా."

చూపించాను. అరచేతులు అమ్మ చేసిన పూరీల్లా తెల్లగా, మెత్తగా ఉన్నాయి.

"తవ్విందెవరు?"

సరిగ్గా అప్పుడే ఆ మట్టి పనివాడు మరిచిపోయిన పార కోసం లోపలికి వచ్చాడు. నాయిన గొప్పగా అతణ్ణి చూపించాడు. ఉస్తాద్ వెళ్లి అతని భుజం నొక్కాడు, వీపు తట్టాడు, గాలి పీల్చమన్నాడు. అతని ఛాతీ చొక్కా గుండీలను లాగేసింది.

"సాబ్, మట్టి తవ్వితే భుజాలు, జల్లెడ పడితే నడుము, తొక్కితే కాళ్లు. మొదటి సబక్ గిదే. చదువేమో మీ బేటాకు కావాలె, ఇస్కూలుకు ఈన పోయిండు!"

"మాకు ఎరుక లేదు ఉస్తాద్" అన్నాడు నాయిన.

"తాలీంల ఎవని మట్టి వాడే తవ్వుకుంటడు. మా అబ్బాజాన్ నాతోని తవ్విపిచ్చిండు. గిది సుత చెప్పాల్నా?" అని, మట్టి పనివాడి వైపు తిరిగి, "రేపటి సంది నువ్వు వస్తవా?" అన్నాడు.

"నాతోని కాదు సాబ్. నాకింకా రెండు తావుల పనున్నది" అని అతను పార భుజాన వేసుకోబోయాడు. ఉస్తాద్ ఆ పార అందుకుని నా చేతికిచ్చాడు.

"బరాబర్ పూడ్చు. మళ్ల తవ్వు."

అదే నా మొదటి పాఠం. తలపాగా లంగోటితో, అత్తరు వాసనలో, నా గుంటను నేనే పూడ్చాను. పదో పారకే చేతులు బొబ్బలెక్కాయి. గోడ మీద మసక తల లేచింది. మరునాడు పొద్దున నేను దాన్నే మళ్లీ తవ్వుతుంటే అదే తల మళ్లీ లేచి, "నిన్న పెట్టిండ్రు, ఇయ్యాల తీస్తున్నరు. మీకే నమ్మకం లేకపాయె!" అని అమ్మను మందలించింది.

మూడు నెలలు అలాగే గడిచాయి. ముగ్దర్లు ఠాణాలో ఉన్నాయి కాబట్టి అమ్మ రోకలి ఊపాను. ఆ రోజుల్లో మా ఇంట్లో పచ్చడి తినాలంటే నా కసరత్తు అయ్యేదాకా ఆగాల్సిందే. నెల తిరిగేసరికి ఉస్తాద్ పాత శిష్యులు ఇద్దరు మా పెరటికి రావడం మొదలుపెట్టారు. ఒకనాడు ఆయన ఠాణాకు వెళ్లి, వాకిట్లో ఎండకు పగిలిన ముగ్దర్లను తిరిగి తెచ్చుకున్నాడు. పరీక్షకు ముందు రోజు నాయిన టేపు పెట్టాడు. ముప్ఫై ఒకటిన్నర. పీలిస్తే ముప్ఫై మూడు ముప్పావు. నాయిన రెండుసార్లు కొలిచి, మూడోసారి తన ఛాతీ కొలుచుకున్నాడు.

డాక్టరు నా ఛాతీ కొలిచి తల ఊపాడు. తర్వాత దూరంగా గోడకు వేలాడుతున్న అట్ట మీది అక్షరాలు చదవమన్నాడు. నేను చాలాసేపు చూసి, "మంచు పట్టినట్టుంది" అన్నాను.

నాకు కళ్లద్దాలు కావాలన్నాడు డాక్టరు. అద్దాలు పెట్టుకున్నవాళ్లు గార్డు పనికి పనికిరారు. సాయంత్రం నాయిన పక్కన నిలబడగా, తల దించుకుని ఉస్తాద్‌కు సంగతి చెప్పాను. ఆయన నా రెండు భుజాలూ పట్టుకుని వెనక్కి విరిచి నిలబెట్టాడు.

"ఛాతీ పాసయిందా లేదా?"

"అయింది ఉస్తాద్."

ఆయన నాయిన వైపు తిరిగాడు. "ఇగో సాబ్, ఛాతీ నా జిమ్మ, చేసిచ్చిన. కండ్లు మీరిచ్చినయి."